సోలెడు తవుడు

పోయిన వారం మనం జీవమ్మను చెర్లోపల్లె వంకలో, ఇసుకలో దిగబడిన జీపు పక్కన నిలబెట్టి వచ్చాం. కర్నూలు ట్రైనింగు స్కూల్లో చదువుతూ, కిందటి ఎండాకాలం ఓడెక్కి ఇంగ్లండు పోయి ఆరువారాల వేసవి చదువు చదివి వచ్చిన పిల్ల ఆమె. ఊరి బయట అంటరానివాళ్ల గేరిలో పుట్టిన ఆడపిల్ల సముద్రం దాటడం ఆ చుట్టుపక్కల అదే మొదలు. అక్కడ ఆమెకు చదువు చెప్పిన హారియట్ దొరసాని ఇప్పుడు మన దేశం చూడవచ్చింది. చెర్లోపల్లె క్రైస్తవుల గుడిలో కోతపండుగ అని తెలిసి, నీ ఊరు చూపించమని జీవమ్మను వెంటబెట్టుకుని బయల్దేరింది. జీపు వంకలో ఆగినప్పుడు దొరసాని సంచిలోంచి ఒక సన్నటి అచ్చు పుస్తకం తీసి పిల్ల చేతిలో పెట్టింది. అట్ట మీద తెల్లచీరలో నిలబడినది జీవమ్మే. లోపల నాలుగు పుటల నిండా ఉన్నది జీవమ్మ పుట్టుక. ఈ మధ్యాహ్నం దొరసాని దాన్ని గుడిలో ఇంగ్లీషులో చెబుతుంది. వెంటవెంటనే తెలుగులో చెప్పవలసింది జీవమ్మ. వినేవాళ్లలో ముందు వరుసలో కూర్చునేది ఆమె తల్లి గిడ్డమ్మ.

గేరి మొగవాళ్లు పదిమంది చేరి జీపును ఎత్తుతున్నారు.

"ఎడం పక్క పట్టప్పా! ఆడ కాదు, చక్రం కాడ!" అని కేకలేస్తున్నాడు లేవి. జీవమ్మకు మేనమామ, గుడికి పెద్ద. చెమటలు కారుతున్నా మేనకోడలిని ఎగతాళి చేయడం మానలేదు. "ఏమ్మే జీవా, అంత సముద్రం దాటినదానివి, మన వంక దాటలేకపోతివే! నీ సదువు ఈ ఇసుకకు సాలకపాయె గదా!"

అందరూ నవ్వారు. జీవమ్మ కూడా నవ్వింది. నవ్వుతూనే పుస్తకాన్ని కొంగు కింద దాచుకుంది.

పుస్తకంలో ఉన్నది ఇదీ. చెర్లోపల్లె అనే పల్లెలో ఒక తల్లి, పుట్టింది ఆడపిల్ల అని చూసి ఆ పసిగుడ్డును పెంటదిబ్బ మీద పారేసింది. దారిన పోతున్న మన మిషను సేవకురాలు ఒకామె ఏడుపు విని ఆగింది. బిడ్డ కావాలంటే సోలెడు తవుడు ఇమ్మన్నది తల్లి. తవుడు పోసి బిడ్డను కొని కాపాడింది ఆ సేవకురాలు. ఆ బిడ్డే ఈ జీవమ్మ.

ఇందులో పెంటదిబ్బ నిజం. తవుడు నిజం. కొన్న మాటా నిజమే. మూడూ కలిపి చెప్పిన కథ మాత్రం పచ్చి అబద్ధం.

సీమలో పుట్టిన ఆడవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. వరసగా బిడ్డలు పోతున్న ఇంట్లో తల్లి కొత్త బిడ్డను చేటలో వేసి, పెంటదిబ్బ మీద పెట్టి, వెనక్కి తిరిగి చూడకుండా వచ్చేస్తుంది. మరొక ఆడమనిషి పోయి ఆ బిడ్డను ఎత్తుకుని, ఇంత తవుడు ఇచ్చి కొన్నట్టు కొని, "ఈ బిడ్డ నాది. నువ్వు పాలిచ్చి సాకు" అని మళ్లీ ఆ తల్లి ఒళ్లోనే వేస్తుంది. బిడ్డలను ఎత్తుకుపోయే గాలి ఏదైతే ఉందో అది వచ్చి చూసి, ఇది ఈ ఇంటి బిడ్డ కాదు, తవుడుకు అమ్ముడుపోయిన బిడ్డ, మనకెందుకులే అని దాటిపోతుందని ఆశ. గిడ్డమ్మకు ముందు మూడు కాన్పులు నిలవలేదు. నాలుగోది జీవమ్మ. చిన్నప్పుడు తల్లికి ముద్దొస్తే "నా తవుడమ్మ" అని పిలిచేది.

గేరి అంతటికీ తెలిసిన ఈ సంగతి పాదిరి ఆనందం గారి చెవిన మాత్రం పడనివ్వలేదు. బాప్తిస్మం పుచ్చుకున్నవాళ్లు ఇలాంటి పని చేస్తే ప్రభువు బల్ల దగ్గరికి, రొట్టె ద్రాక్షరసం పుచ్చుకోవడానికి రానివ్వరు. కిందటేడు కంబన్న పెండ్లాం బిడ్డకు తాయెత్తు కట్టిందని ఆర్నెల్లు నిలిపేశారు. ఆ మనిషి ఆర్నెల్లూ ఆదివారం ఆదివారం గుడి బయట గోడకు ఆనుకుని, లోపలివాళ్లతో గొంతు కలిపి పాటలు పాడుకుంది. లోపల పాడేవాళ్లకు ఆ గొంతు వినపడుతూనే ఉండేది.

ఇంతకూ ఆ అబద్ధానికి విత్తనం వేసింది ఎవరు? జీవమ్మే.

ఇంగ్లండులో ఆమె చదివిన ఊరు సముద్రం ఒడ్డున ఉంది. తొమ్మిది దేశాల నుంచి ఇరవై ఇద్దరు ఆడపిల్లలు, అందరూ పంతులమ్మలు కాబోయేవాళ్లు, ఒక పెద్ద రాతి మిద్దెలో దిగారు. జూలై నెలలో రెండు కంబళ్లు కప్పుకుని వణికింది జీవమ్మ. తొమ్మిదిన్నర అయినా పొద్దు గుంకదు. వెలుతురులో నిద్ర పట్టక గోడకేసి తిరిగి పడుకునేది. ఉడకబెట్టిన ఉర్లగడ్డ మీద ఉప్పు తప్ప ఏమీ ఉండేది కాదు. అమ్మ కట్టిచ్చిన కారప్పొడి సీసాను ఆమే, గదిలో తోడున్న ఆఫ్రికా పిల్ల ఎస్తేరూ కలిసి పదిరోజుల్లో ఖాళీ చేశారు.

చదువు మాత్రం ఆమెను కట్టిపడేసింది. బంకమట్టితో అక్షరాలు చేయించడం, చింతగింజల్లాంటి గింజలతో కూడికలు నేర్పడం, ఇదంతా ఒక ఎత్తు. ఒకనాడు పల్లెటూరి బడికి తీసుకుపోయారు. అక్కడ తలనెరిసిన పంతులమ్మ ఒకామె నేల మీద మోకాళ్లూని, అయిదేళ్ల పిల్లవాడి మొహానికి తన మొహం సమంగా పెట్టి, "నువ్వేమనుకుంటున్నావు?" అని అడిగింది. ఆ మాట జీవమ్మ నోటుబుక్కులో రాసుకుని కింద రెండుసార్లు గీత గీసింది. చెర్లోపల్లె బడిలో గేరి పిల్లలు గడప బయట కూర్చునేవాళ్లు. పంతులు బెత్తంతో కూడా అంటకుండా, దాన్ని దూరం నుంచి విసిరి కొట్టేవాడు. నువ్వేమనుకుంటున్నావని అడిగినవాడు లేడు.

హారియట్ దొరసాని అక్కడ పెద్ద. నడుస్తూ నడుస్తూ పిల్లల భుజం మీద చేయి వేసేది. జీవమ్మ భుజం మీద కూడా వేసింది, మొదటి రోజే, ఎవరి పిల్లవని అడక్కుండా. ఆ చేయి తీసేశాక కూడా ఆ బరువు భుజం మీద చాలాసేపు ఉండిపోయింది.

రెండో వారం టీ పార్టీ పెట్టి ఊళ్లో ఆడవాళ్లను పిలిచారు. ఒక్కొక్క పిల్లా లేచి తన ఇంటి సంగతి ఏదైనా చెప్పాలి. ముందు చెప్పిన పిల్లలు పండుగలూ పంటలూ చెప్పారు. జీవమ్మ లేచి, మా అమ్మకు నేనంటే ఎంత ప్రాణమో చెబుతాననుకుని, తవుడు కథ ఎత్తుకుంది. పెంటదిబ్బ మీద పెట్టిందన్నది. సోలెడు తవుడుకు అమ్మిందన్నది. ఎందుకో చెప్పేలోగా ముందు వరుసలో ఒకామె చేతిగుడ్డ తీసి కళ్లు ఒత్తుకుంది. తర్వాత మరొకామె. దొరసాని లేచి వచ్చి జీవమ్మను గుండెకు హత్తుకుంది. హాలంతా చప్పట్లు.

మన ఊళ్లో ఈ కథ చెబితే ఆడవాళ్లు తల్లి కోసం కళ్లు తుడుచుకుంటారు. మూడు పోగొట్టుకున్న తల్లి గుండె ఎట్లా కొట్టుకుని ఉంటుందోనని. అక్కడివాళ్లూ అందుకే ఏడ్చారనుకుంది జీవమ్మ. మిగిలిన సగం చెప్పకుండానే కూర్చుంది. చెప్పాల్సిన అవసరమే కనబడలేదు ఆమెకు.

ఆ వచ్చిన ఆదివారం పక్క ఊరి హాల్లో దొరసాని తనే ఆ కథ చెప్పింది. జీవమ్మను పక్కన నిలబెట్టుకుని చెప్పింది. అప్పుడు అర్థమైంది పిల్లకు, వాళ్లు విన్నదేమిటో. గదికి వచ్చాక ఎస్తేరు పకపకా నవ్వింది. "మా ఊళ్లోనూ ఇంతే కదా! ఇద్దరు పోయాక పుట్టిన మా తమ్ముడికి చెత్తకుప్ప అని పేరు పెట్టింది మా అమ్మ. వాడిప్పుడు ఆరడుగులు ఉన్నాడు. పోయి చెప్పు దొరసానితో."

"రేపు చెప్తా" అన్నది జీవమ్మ.

పొద్దున చెప్పడానికే పోయింది. దొరసాని ఎదురొచ్చి, భుజం మీద చేయి వేసి, "నీ కథ విన్నవాళ్లు మీ ఊళ్లో బడి కట్టిస్తామంటున్నారు. మీ పిల్లలు లోపల కూర్చునే బడి" అన్నది. జీవమ్మ నోరు మూసుకుంది. తర్వాత ఇంకో నాలుగు ఆదివారాలు, ఇంకో నాలుగు హాళ్లు. తెల్లచీర కట్టుకుని, చేతులు కట్టుకుని, తన తల్లిని తిట్టే మాటలు తల వంచుకుని విన్నది.

వంక దాటిన జీపు గేరి మొదట్లో ఆగింది. అక్కడ బనగానపల్లె నాపబండలు రెండు బండ్లు దించి ఉన్నాయి. బడి పునాదికి. చిల్లకంప కొట్టి చదును చేసిన జాగా చుట్టూ పిల్లలు అప్పుడే కుంటాట ఆడుతున్నారు.

గిడ్డమ్మ ఇంటి ముందరే నిలబడి ఉంది. కొత్త చీర గంజి దిగక పటపటలాడుతోంది.

"యాడికి పోయినారే ఇంతసేపు? రొట్టెలు సల్లారిపాయె. ఆయమ్మ జొన్నరొట్టె తింటాదా మే? ఉల్లిగడ్డ కారం నూరినా, కొరివి అంటాదేమోనని బెల్లం గూడా పెట్టినా."

"తింటాదిలే మా."

"ఏమ్మే, మొగం అట్లుండాది? జొరమా?" అని నుదురు పట్టి చూసింది. తర్వాత గొంతు తగ్గించి, "నా గురించి ఆడ చెప్పినావంట గదా. మీ మామ చెప్పినాడు, పుస్తకంలో గూడా ఏసినారంట. ఏం చెప్పినావు?" అన్నది.

జీవమ్మ చూపు తల్లి పాదాల మీద పడింది. కొర్రచేలో కోతకు పోయి చీలిన మడమలు. "నన్ను బతికించుకున్నావని చెప్పినా."

"అంతేనా! దానికే ఇంత దూరం వచ్చిందా ఆయమ్మ!" అని సిగ్గుపడి కొంగు నోటికడ్డం పెట్టుకుని నవ్వింది గిడ్డమ్మ. "ప్రతి తల్లీ చేసేదే గదమ్మా. వాళ్ల దేశంలో చెయ్యరా?"

ఇప్పుడు చెప్పాలి, ఇప్పుడే అనుకుంది జీవమ్మ. ఇంతలో పాదిరి ఆనందం గారు పిలుస్తున్నారని కబురు.

ఆయన నాపబండల పక్కన ఒంటరిగా నిలబడి ఉన్నాడు. తెల్ల అంగీ, చేతిలో అదే పుస్తకం. ఇంగ్లీషు చదవగలిగినవాళ్లు ఆ గేరిలో ఇద్దరే, ఆయనా జీవమ్మా.

"మీ అమ్మ ఇంత పని చేసిందని నాకెవరూ చెప్పలేదమ్మా."

"చేయలేదు అయ్యగారూ. మాయమ్మ నన్ను పారేయలేదు."

"దొరసాని గారికి చెప్పింది ఎవరు?"

"నేనే."

"పారేసిందనా?"

"పెంట మీద పెట్టిందని."

"పారేయడానికి కాకపోతే బిడ్డను పెంట మీద ఎందుకు పెడతారు?"

జవాబు నాలుక చివరి దాకా వచ్చింది. బతకాలని, అంటే చాలు. ఆ ఒక్క మాటతో తల్లి కంబన్న పెండ్లాం నిలబడిన చోటికి, గోడ బయటికి పోతుంది. జీవమ్మ పెదవి కొరుక్కుంది.

ఆనందం గారు చెడ్డమనిషేమీ కాదు. ఆయనా ఒక ఊరి బడిలో గడప బయట కూర్చుని చదివినవాడే. అందుకే ఆ బండలను చేత్తో నిమురుతూ మాట్లాడాడు. "చూడు తల్లీ. పాపం చేసి పశ్చాత్తాపపడినవాళ్లకు బల్ల దగ్గర చోటుంది. దాచిపెట్టినవాళ్లకే లేదు. మీ అమ్మ ఎప్పుడో తెలియక చేసింది, ఇప్పుడు మారింది, అయిపోయింది. ఆమెకు ఇంగ్లీషు రాదు. నువ్వు తెలుగులో ఏది చెబితే అదే ఆమెకు తెలిసేది. మెత్తగా చెప్పు. ముల్లు గుచ్చుకోకుండా చెప్పు. ఆదివారానికి పునాది తవ్వుతారు."

ఎంత తేలికైన దారి! బడి నిలుస్తుంది, తల్లికి బల్ల నిలుస్తుంది, దొరసాని చేయి భుజం మీద నిలుస్తుంది. పోయేదల్లా ఎక్కడో సముద్రం అవతల, తల్లికి తెలియని మనుషుల నోళ్లలో, తల్లి పేరు. అంతే. పేరు పోయిందని తెలియనివాళ్లకు పోయినట్టేనా? గుడికి నడుస్తున్నంతసేపూ ఆ ప్రశ్న కాలికింద గులకరాయిలా తగులుతూనే ఉంది.

గుడి అంటే నాలుగు మొండి గోడలు, పైన నాపబండల కప్పు. ఆ వేళ జొన్నచొప్పతో ముందు పందిరి వేశారు. లోపల బల్ల చుట్టూ కానుకలు: జొన్నకంకులు, సజ్జలు, గుమ్మడికాయలు, కాళ్లు కట్టిన కోళ్లు, ఒక మేకపిల్ల. లేవి అప్పుడే ఆ కానుకల వేలంపాట మొదలుపెట్టాడు.

"ఇది మా గిడ్డక్క గుమ్మడికాయ! చూడండప్పా, పాదిరయ్యగారి తలకాయంత ఉండాది!"

"తలకాయలో గింజలు ఉండాయా మామా?" అని వెనక నుంచి ఎవరో.

"గింజలుండేది దీంట్లోనే!" అన్నాడు లేవి. గుడి కప్పు ఎగిరిపోయేట్టు నవ్వారు. పాదిరిగారు కూడా మీసం చాటున నవ్వుకున్నాడు.

ముందర రెండే కుర్చీలు. ఒకదాంట్లో దొరసాని. రెండోదాంట్లో పాదిరిగారి తల్లి విశ్వాసమ్మ. ఇరవై ఏళ్లు ఎండనకా వాననకా ఊరూరా తిరిగి వాక్యం చెప్పిన మనిషి. గిడ్డమ్మ లాంటి ఎంతమందికో ఓనమాలు దిద్దించింది. ఇప్పుడు చూపు ఆనక, కర్ర పట్టుకుని, ఎవరు పలకరించినా "ఎవురు నాయనా?" అంటుంది.

దొరసాని లేచింది. జీవమ్మ పక్కన నిలబడింది. గిడ్డమ్మ ముందు వరుసలో, నేల మీద, చీర కుచ్చిళ్లు నలగకుండా సర్దుకుని కూర్చుని ఉంది.

"పంతొమ్మిదేళ్ల కిందట ఈ ఊళ్లో ఒక బిడ్డ పుట్టింది" అన్నది దొరసాని ఇంగ్లీషులో.

జీవమ్మ చెప్పింది. "పంతొమ్మిదేండ్ల కిందట ఈ ఊళ్లో ఒక బిడ్డ పుట్టింది."

"ఆడబిడ్డ అని చూసి తల్లి దాన్ని చెత్తలా పెంటదిబ్బ మీద పారేసింది."

జీవమ్మ గొంతు సవరించుకుంది. "ఆ బిడ్డ కోసం తల్లి శానా కష్టపడింది."

"ఆమేన్" అన్నారు ఆడవాళ్లు.

"తవుడు ఇస్తే తప్ప ఇవ్వనని బేరమాడింది."

"ఆ తల్లి... దేన్నీ లెక్కచేయలేదు."

దొరసాని కథ చెబితే చేతులు ఊరుకోవు. రెండు చేతులా బిడ్డను పట్టుకున్నట్టు పట్టుకుని, పక్కకు విసిరేసినట్టు చూపించింది. ఒకసారి కాదు, రెండుసార్లు. పాదిరిగారు తల వంచుకుని తన చేతులు చూసుకుంటున్నాడు. లేవి మాత్రం తల గోక్కున్నాడు.

"ఇదేందిమే జీవా? ఆయమ్మ చూస్తే ఏందో ఇసిరేస్తాండాది. నువ్వేమో కష్టపడింది, కష్టపడింది అంటాండావు. గుమ్మడికాయ కతా ఏమి?"

మళ్లీ నవ్వులు. దొరసాని కూడా, తన మాట నచ్చిందనుకుని, చిరునవ్వు నవ్వింది. తర్వాత పుస్తకం మూసి, గిడ్డమ్మ వైపు చేయి చాపి, రమ్మన్నది.

గిడ్డమ్మ చుట్టూ చూసింది. తననేనని తెలిసి లేచింది. పొలం పని తప్ప ఎరగని, ఎవరి ముందరా నిలబడని మనిషి, కొత్త చీర పటపటలాడుతుంటే, మొహమంతా నవ్వుతో నడిచి వచ్చింది. దొరసాని ఆమెను కౌగిలించుకుంది. కళ్లనిండా నీళ్లు పెట్టుకుని, ఒక్కొక్క మాటే నింపాదిగా అన్నది: "నిన్ను మేము క్షమించాం. నీ బిడ్డ కూడా నిన్ను క్షమించింది. చెప్పు జీవమ్మా, మీ అమ్మకు నువ్వే చెప్పు."



గుడిలో కోళ్లు కొక్కొక్కుమన్నాయి. గిడ్డమ్మ దొరసాని భుజం మీదుగా కూతురిని చూసింది. "ఏమంటాండాది మే? ఎందుకేడుస్తాండాది ఆయమ్మ? నేనేం చేసినానని?"

జీవమ్మ పాదిరిగారి వైపు చూసింది. ఆయన కళ్లతోనే అన్నాడు: మెత్తగా. తల్లి వైపు చూసింది. తల్లి ఇంకా నవ్వుతూనే ఉంది, జవాబు కోసం.

"నిన్ను క్షమించినారంట మా."

"దేనికి?"

"నన్ను పెంట మీద పారేసినావని. ఆడపిల్లనని. తవుడుకు అమ్ముకున్నావని." అక్కడితో ఆగలేదు. "వాళ్ల దేశంలో నేనే చెప్పినా ఆ కథ. ఎందుకు పెట్టినావో చెప్పలేదు. వాళ్లు పారేసిందనుకున్నారు. అట్ల కాదని చెప్పకుండా అయిదు ఆదివారాలు ఆయమ్మ పక్కన నిలబడి విన్నా."

గిడ్డమ్మ నవ్వు పోవడానికి కొంతసేపు పట్టింది. దొరసాని చేతుల్లోంచి మెల్లగా బయటికి వచ్చింది.

"ఆడ నిలబడి విన్యావా?" అన్నది. కోపంగా కాదు; నిజంగా తెలుసుకోవాలని అడిగినట్టు. "మూడు కాన్పులు మే. ముగ్గుర్నీ ఈ గోడ ఎనకాల్నే పూడ్సినా. నాలుగోదానివి నువ్వు. నాది అంటే పోతావేమోనని నాది కాదంటి. సంవత్సరం పొడుగునా నిన్ను ముద్దు పెట్టుకోల్యా, తెలుసునా? ఎత్తుకుపోయేది చూస్తాదేమోనని. అది నువ్వు చెప్పల్యా?"

ఆడవాళ్లలో కలకలం పుట్టింది. "ఇదేం అన్యాయమప్పా! మేమందరం చూస్తిమి గదా ఆ పొద్దు!" అన్నది ఒకామె లేచి. "చేట తెచ్చింది మా అత్తే!" అన్నది మరొకామె. అన్న తర్వాత గానీ పాదిరిగారు అక్కడే ఉన్నాడని గుర్తుకు రాలేదు. ఇద్దరూ ఒక్కసారే కూర్చున్నారు.

జీవమ్మ దొరసాని వైపు తిరిగి, ఈసారి ఇంగ్లీషులో, ఒక్కొక్క ముక్కే కూడబలుక్కుంటూ మొత్తం చెప్పింది. చేట, గాలి, గోడ వెనక మూడు గుంతలు. మిగిలిన సగం. దొరసాని మొహంలో రక్తం లేదు.

"నా పక్కన నిలబడ్డావు. నువ్వు చెప్పి ఉండవచ్చు. ఎందుకు చెప్పలేదు?"

"బడి వస్తుందని" అన్నది జీవమ్మ. తర్వాత, అది మొత్తం నిజం కాదని తనకే తోచి, "మీరు నా భుజం మీద చేయి వేశారు. అది తీసేస్తారేమోనని కూడా" అన్నది.

దొరసాని కుర్చీలో కూర్చుంది. చేతిలో పుస్తకం ఒళ్లోకి జారింది. బడి ఉందో పోయిందో ఆ మొహం చూసి చెప్పగలిగినవాళ్లు లేరు.

అప్పుడు లేచాడు ఆనందం గారు. ఇంతసేపూ మెత్తగా ఉన్న మనిషి ఇప్పుడు గట్టిగా ఉన్నాడు. కోపం కన్నా మోసపోయానన్న బాధే ఎక్కువ వినపడింది ఆ గొంతులో.

"పంతొమ్మిదేళ్లు! ఊరంతా ఎరుగుదురు, నేనొక్కడినే ఎరుగను. కంబన్న పెండ్లాం తాయెత్తు కడితే ఆర్నెల్లు బయట నిలబెట్టాను. ఇప్పుడు నేను ఊరుకుంటే రేపు ఆమె మొహం ఎట్లా చూడాలి? గిడ్డమ్మా, ఈ పూట నుంచి నీకు బల్ల లేదు."

"సరే అయ్యా" అన్నది గిడ్డమ్మ.

"నీ ఒక్కదానితో అయ్యేది కాదు ఇది. పెట్టింది నువ్వు. తవుడు పోసి కొన్నది ఎవరు? ఆ మనిషి మన సంఘంలోదైతే ఇద్దరికీ ఒకటే శిక్ష. పేరు చెప్పు."

గిడ్డమ్మ నేల చూపులు చూసింది. జీవమ్మకు కూడా ఆ పేరు తెలియదు. చిన్నప్పటి నుంచీ ఎన్నిసార్లు అడిగినా 'ఎవరో మంచామె' అనడమే తప్ప తల్లీ చెప్పలేదు, గేరి ఆడవాళ్లూ చెప్పలేదు.

"చెప్పక్కా" అన్నాడు లేవి, గొంతులో ఎగతాళి లేకుండా. "చెప్పి తప్పుకో. నీ మీదికి ఎందుకు తెచ్చుకుంటావు?"

"చెప్పనప్పా. నా బిడ్డను నాకిచ్చినామె. ఆమె పేరు నా నోట రాదు. నన్ను సచ్చేదాకా బయట నిలబెట్టమను, నిలబడుకుంటా."

"అయితే చచ్చేదాకానే!" అన్నాడు ఆనందం గారు.

ముందర రెండో కుర్చీ కిరుక్కుమన్నది. విశ్వాసమ్మ కర్ర ఊతగా లేచి నిలబడింది. ఎవరో పట్టుకోబోతే వద్దని చేయి ఊపి, చూపు ఆనకపోయినా తడబడకుండా నాలుగడుగులు వేసి, గిడ్డమ్మ పక్కకు వచ్చి ఆగింది. తడిమి ఆమె చేయి పట్టుకుంది.

"ఇద్దరికీ ఒకటే శిక్ష అన్యావు గదా నాయనా" అన్నది కొడుకుతో. "మాట మార్చుకోవద్దు. రెండో పేరు నాది."

ఆనందం గారి నోరు తెరుచుకుని అట్లాగే ఉండిపోయింది. తల్లి అతని వైపే చూస్తోంది, అతను ఎక్కడ నిలబడ్డాడో సరిగా కనపడక కొంచెం పక్కకు.

దొరసాని కుర్చీలోంచి ముందుకు వంగి జీవమ్మ చేయి పట్టుకుని ఊపింది. "ఆ ముసలామె ఏమంటోంది? పాదిరిగారు ఎందుకలా అయిపోయారు? చెప్పు. ఈసారి ఉన్నదున్నట్టు చెప్పు."

పాదిరి ఆనందం జీవమ్మ వైపు తిరిగాడు. చెప్పొద్దు అని తల అడ్డంగా ఊపాడు. ఒకసారి, మళ్లీ ఒకసారి.

జీవమ్మ దొరసాని వైపు తిరిగి నోరు తెరిచింది.